గ్యాస్ గీజర్ మంట మాటిమాటికీ ఆరిపోతోందా? కారణం ఇలా పట్టుకోండి

తిరుపతిలో తుఫాను ముసుర్లు మొదలయ్యాయంటే గ్యాస్ గీజర్ల తిప్పలు కూడా మొదలవుతాయి. ధనుర్మాసం వచ్చేసరికి అవి ముదురుతాయి. తెల్లవారుజామున తలస్నానానికి కుళాయి తిప్పితే వేడినీళ్లు బాగానే వస్తాయి. తలకు షాంపూ పెట్టుకునేసరికి చల్లబడిపోతాయి. కట్టేసి మళ్లీ తిప్పితే మంట వెలుగుతుంది, కాసేపటికి మళ్లీ ఆరిపోతుంది. మెకానిక్‌ను పిలిస్తే చూడకముందే "బోర్డు పోయింది, మార్చాలి" అనేవాళ్లూ ఉన్నారు.

నిజానికి బోర్డు, అంటే గీజర్‌ను నడిపించే లోపలి సర్క్యూట్, పాడవడం అంత తరచుగా జరగదు. నీళ్లు చాలడం లేదనో, లోపల వేడి మితిమీరిందనో, గాలి అందడం లేదనో, మంట ఉన్నట్టు తనకు తెలియడం లేదనో గీజరే గ్యాస్‌ను కట్టేసుకుంటుంది. మనం కాలిపోకుండా, ఊపిరాడక పడిపోకుండా పెట్టిన ఏర్పాటు అది. కాబట్టి అది ఎందుకు కట్టేసుకుంటోందో ముందు తెలుసుకోవాలి. అది తెలియకుండా ఏ భాగం మార్చినా డబ్బు దండగే, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు.

ఇక్కడ నేను చెప్పేది సిలిండర్ గ్యాస్‌తో నడిచే, సెల్లులు వేసే మామూలు ఇన్‌స్టంట్ గీజర్ గురించి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది అదే. పైలట్ మంటతో నడిచే పెద్ద బాయిలర్ల సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఈ రెండూ చూడండి

మొదటిది గ్యాస్ వాసన. కొంచెం వచ్చినా రిపేరు ఆలోచన పక్కన పెట్టండి. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయండి, తలుపులు, కిటికీలు తెరవండి. లైటు స్విచ్ వేయొద్దు, వేసి ఉంటే తీయనూ వద్దు. వంటగ్యాస్ గాలికన్నా బరువు. నేల మీద, మూలల్లో పేరుకుంటుంది, కాబట్టి ముఖం దగ్గర వాసన పోయినంత మాత్రాన గదిలో లేదనుకోకూడదు. గ్యాస్ లీకు ఫిర్యాదులకు 1906 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. దానికి ఫోన్ చేయండి, అది కూడా ఇంటి బయటికి వచ్చాకే.

రెండోది గీజర్ ఎక్కడ ఉందో చూడటం. బాత్రూం లోపల బిగించి ఉంటే ఈ వ్యాసంలో మిగతాదంతా తర్వాత చదవండి, ముందు దాన్ని బయటికి మార్పించే పని చూడండి. మంట మండాలంటే ఆక్సిజన్ కావాలి. తలుపు మూసిన చిన్న గదిలో ఆ ఆక్సిజన్ నిమిషాల్లో తగ్గిపోతుంది, మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేట్టుండటం, కాళ్లలో సత్తువ లేకపోవడం లాంటివి కనిపిస్తాయి. "రాత్రి నిద్ర చాలలేదేమో" అనుకునేలోపే మనిషి పడిపోతాడు. ఏటా చలికాలంలో ఎక్కడో ఒక ఊళ్లో ఇలా ప్రాణాలు పోయిన వార్త పేపర్లో చూస్తూనే ఉన్నాం.

"మాకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా" అంటారు చాలామంది. ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంది సరే, లోపలికి గాలి రావడానికి దారేది? తలుపు బిగుతుగా మూసి ఫ్యాన్ వేస్తే, గీజర్ పైనుంచి పోవాల్సిన పొగను అది మళ్లీ గదిలోకే లాగొచ్చు. గీజర్ బాత్రూం బయట, గాలి ఆడే చోట, అంటే వెనక వసారాలోనో, వాషింగ్ మెషిన్ పెట్టుకునే యుటిలిటీలోనో ఉండాలి. వేడినీళ్ల పైపు మాత్రమే గోడలోంచి లోపలికి రావాలి.

స్నానానికి వెళ్లినవాళ్లు పిలిస్తే పలకకపోతే తలుపు తెరిచి మనిషిని వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి, గ్యాస్ కట్టేయండి, 108కి ఫోన్ చేయండి. ఈ క్రమం ఇంట్లో పిల్లలకు కూడా తెలిసుండాలి.

ఎప్పుడు ఆరిపోతోంది?

రోగం సగం ఇక్కడే తేలిపోతుంది. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు గీజర్ ఎదురుగా నిలబడండి. లోపల ఇంకొకరిని వేడినీళ్ల కుళాయి తిప్పమనండి. మీరు వినండి, చూడండి.

నీళ్లు పారగానే లోపల "టక్" మని చిన్న శబ్దం వస్తుంది. నీటి ఒత్తిడికి డయాఫ్రం అనే పల్చటి రబ్బరు పొర కదిలి స్విచ్‌ను నొక్కడమే ఆ శబ్దం. వెంటనే "టకటకటక" మని స్పార్క్ మొదలవుతుంది. గ్యాస్ వాల్వ్ తెరుచుకుని "భప్" మని మంట అంటుకుంటుంది, స్పార్క్ ఆగిపోతుంది. ఆ తర్వాత మంట సన్నగా బుసకొట్టే శబ్దం తప్ప ఇంకేమీ వినబడకూడదు. ఈ వరస ఎక్కడ తెగిందో అక్కడే తేడా ఉంది.

అసలు స్పార్కే రాకపోతే సెల్లులు కానీ, నీళ్ల ఒత్తిడి కానీ కారణం. స్పార్క్ వస్తున్నా మంట అంటుకోకపోతే గ్యాస్ వైపు చూడాలి. మంట వెలిగి కొద్ది సెకన్లకే ఆరిపోతుంటే, ముఖ్యంగా మంట కనిపిస్తున్నా టకటక ఆగకపోతుంటే, మంటను కనిపెట్టే కడ్డీ మీద అనుమానం పెట్టుకోండి. రెండు మూడు నిమిషాలు బాగా మండి ఆరిపోతుంటే నీళ్లు తగ్గడం, వేడెక్కిపోవడం, గాలి చాలకపోవడం, సిలిండర్ అడుగంటడం, ఈ నాలుగింటిలో ఒకటి. సరిగ్గా 20 నిమిషాలకు ఆరిపోతుంటే అది రోగమే కాదు. చాలా గీజర్లలో 20 నిమిషాల టైమర్ ఉంటుంది, కుళాయి కట్టి మళ్లీ తిప్పితే మామూలుగా వెలుగుతుంది.

ఇంకో సంగతి కూడా గమనించండి. తెల్లవారి ఐదింటికి ఆరిపోయే గీజర్ పగలు పదకొండింటికి చక్కగా మండుతోందా? అయితే గీజర్‌లో ఏమీ లేదు. ఆ వేళకు అపార్ట్‌మెంట్‌లో అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పుతారు, పై అంతస్తులో ఒత్తిడి పడిపోతుంది. ఆ ఇంటికి కావాల్సింది గీజర్ మెకానిక్ కాదు, ప్లంబర్.

సెల్లులతో మొదలుపెట్టండి

తక్కువ ఖర్చు, తక్కువ శ్రమ కాబట్టి దీంతోనే మొదలుపెట్టాలి. గీజర్ అడుగున చిన్న పెట్టె ఉంటుంది. దాంట్లో టార్చిలైటులో వేసే లావు సెల్లులు రెండు ఉంటాయి, ఒక్కొక్కటి 1.5 వోల్టులు. స్పార్క్ ఇచ్చేవీ, గ్యాస్ వాల్వును తెరిచి పట్టుకునేవీ అవే. పస తగ్గిన సెల్లుతో స్పార్క్ వస్తుంది, మంట కూడా అంటుకుంటుంది, కానీ వాల్వును పట్టి ఉంచే బలం లేక కాసేపటికి మూసుకుపోతుంది. "స్పార్క్ వస్తోంది కాబట్టి సెల్లులు బాగున్నట్టే" అనుకోవడం వల్లే చాలామంది అనవసరంగా మెకానిక్‌ను పిలుస్తారు.

రెండు సెల్లులూ ఒకేసారి మార్చండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేయొద్దు. ఆల్కలైన్ రకమే కొనండి, ధర ఎక్కువైనా చలికాలమంతా వస్తాయి. పెట్టెలో స్ప్రింగులకు పచ్చటి చిలుము పట్టి ఉంటే కొంచెం వెనిగర్ అద్దిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరాకే సెల్లులు పెట్టండి. వసారాలో పెట్టిన గీజర్లకు ముసురు తడికి ఈ చిలుము త్వరగా పడుతుంది.

నీళ్లు: మన ఊళ్లో అసలు బాధ ఇదే

తిరుపతికి కళ్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు వస్తున్నా, చాలా ఇళ్లలో పైట్యాంకుకు ఎక్కేది బోరు నీళ్లే. చిత్తూరులోనూ బోర్ల మీద ఆధారపడే ఇళ్లు ఎన్నో. ఈ నీళ్లలో సున్నం ఎక్కువ. బకెట్ అంచుకు, కుళాయి మూతికి తెల్లగా పట్టే పెంకు మనకు తెలిసిందే. అదే పెంకు గీజర్ లోపల, షవర్ రంధ్రాల్లో, నీళ్లు లోపలికొచ్చే చోట ఉండే జాలీలో కూడా పడుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది.

ముందు నీళ్లు ఎంత వస్తున్నాయో కొలవండి. లీటరు నీళ్ల బాటిల్ ఒకటి తీసుకోండి. వేడినీళ్ల కుళాయి పూర్తిగా తిప్పి బాటిల్ నింపండి, ఫోన్‌లో సెకన్లు చూడండి. 20 సెకన్లలోపు నిండితే నిమిషానికి 3 లీటర్లు దాటి వస్తున్నట్టు. మామూలు 6 లీటర్ల గీజర్‌కు, అంటే నిమిషానికి 6 లీటర్లు వేడిచేసేదానికి, అది సరిపోతుంది. 25, 30 సెకన్లు పడుతుంటే గీజర్ వెలగడమే గగనం, వెలిగినా ఆరిపోతుంది.

తర్వాత ఇదే పరీక్ష షవర్‌తో చేయండి. మా పై వాటాలో ఉండే అక్కవాళ్లకు కుళాయి తిప్పితే గీజర్ మండేది, షవర్ తిప్పితే ఆరిపోయేది. ఒక మెకానిక్ వచ్చి బోర్డు మార్చాలన్నాడు. షవర్ తల విప్పి వెలుతురులో పెట్టి చూస్తే రంధ్రాల్లో సగానికి పైగా తెల్లగా పూడిపోయి ఉన్నాయి. కొన్నింట్లోంచి నీళ్లు పక్కకు చిమ్ముతున్నాయి, కొన్నింట్లోంచి చుక్క కూడా రావడం లేదు. అక్క దాన్ని ఒక గిన్నెలో వేసి, గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టింది. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పెంకు పెళ్లలుగా ఊడి వచ్చింది. బోర్డు జోలికి పోవాల్సిన పనే రాలేదు.

మీరూ ఇలాగే చేయండి. షవర్ తల విప్పేసి వట్టి పైపుతో నీళ్లు వదిలి చూడండి. గీజర్ ఆరకపోతే దొంగ దొరికినట్టే.

ఆ తర్వాత జాలీ. గీజర్‌కు చన్నీళ్లు వెళ్లే పైపు దగ్గర వాల్వు కట్టేసి, బకెట్ కింద పెట్టి, స్పానర్‌తో నట్టు విప్పండి. లోపల వేలి గోరంత జాలీ ఉంటుంది. ట్యాంకు అడుగున పేరుకున్న మట్టి, పైపుల తుప్పు, సున్నపు పలుకులు అన్నీ అక్కడే ఆగుతాయి. దాన్ని కూడా నిమ్మ ఉప్పు నీళ్లలో వేసి, బ్రష్ చేసి, మళ్లీ అదే చోట పెట్టండి. ఇబ్బంది పెడుతోందని తీసి పారేయొద్దు. అది లేకపోతే ఆ మట్టి వెళ్లి డయాఫ్రంలో కూర్చుంటుంది.

జాలీ, షవర్ శుభ్రంగా ఉన్నా ఒత్తిడి లేకపోతే ట్యాంకు ఎత్తు చూడాలి. నీళ్ల మట్టం 10 మీటర్ల ఎత్తులో ఉంటే దాదాపు 1 బార్ ఒత్తిడి వస్తుంది. పై అంతస్తు వాళ్లకు ట్యాంకు నెత్తి మీదే, రెండు మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే 0.2 బార్ మాత్రమే. చాలా గీజర్లు పనిచేయడం మొదలుపెట్టేదే ఆ దరిదాపుల్లో. అలాంటి ఇంట్లో ట్యాంకును దిమ్మె మీదికి ఎత్తించడమో, గీజర్‌కు ట్యాంకు నుంచి విడిగా లావు పైపు వేయించడమో, చిన్న ప్రెషర్ పంపు పెట్టించడమో చేయాలి. గీజర్ మార్చినా ప్రయోజనం ఉండదు, కొత్తదీ ఆరిపోతుంది.

చన్నీళ్లు కలుపుతున్నారా?

దీన్ని చాలామంది పట్టించుకోరు. గీజర్‌ను బాగా వేడికి పెట్టి, మిక్సర్ కుళాయిలో చన్నీళ్లు కలుపుకుంటారు. చన్నీళ్లు ఎక్కువ తిప్పేకొద్దీ గీజర్ గుండా వెళ్లే నీళ్లు తగ్గిపోతాయి. కొద్ది నీళ్ల మీద పెద్ద మంట పడుతుంది. లోపల రాగి పైపులు మితిమీరి వేడెక్కుతాయి, వేడిని చూసే సెన్సర్ గ్యాస్ కట్టేస్తుంది. చల్లబడ్డాక మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది.

పరిష్కారం సులువు. గ్యాస్ నాబ్ తగ్గించండి, వేసవి-చలికాలం నాబ్ ఉంటే వేసవి వైపు తిప్పండి. చన్నీళ్లు కలపకుండానే ఒంటికి పట్టే వేడి వచ్చేలా పెట్టుకోండి. తిరుపతిలో చలికాలంలోనూ నీళ్లు అంత చల్లగా ఉండవు. తిరుమల కొండ మీద చలికీ ఇక్కడి చలికీ పోలిక లేదు. గీజర్‌ను చివరిదాకా పెంచాల్సిన అవసరం మనకు ఎప్పుడో కానీ రాదు. గ్యాస్ కూడా ఆదా అవుతుంది.

చన్నీళ్లు కలపకపోయినా వేడెక్కి ఆరిపోతుంటే రాగి పైపుల లోపల సున్నం పట్టి ఉండొచ్చు. లోపల కుండలో నీళ్లు మరిగినట్టు గుడగుడ శబ్దం వస్తే అదే. దాన్ని మెకానిక్ చేతే విప్పించి కడిగించాలి. బాత్రూం కడిగే యాసిడ్ పోసి కడుగుతానంటే ఒప్పుకోవద్దు. అది సున్నంతో పాటు లోహాన్నీ తినేస్తుంది, రబ్బరు భాగాలనూ పాడుచేస్తుంది.

మంటను కనిపెట్టే కడ్డీ

మంట వెలిగి, మూడు నాలుగు సెకన్లు మండి, టకటక ఆగకుండానే ఆరిపోతోంది అనుకుందాం. రెగ్యులేటర్ కట్టేయండి, సెల్లులు తీసేయండి, గీజర్ చల్లారనివ్వండి. ముందు మూత స్క్రూలు విప్పి తీస్తే బర్నర్ ముందు పింగాణీ తొడుగుల్లోంచి బయటికొచ్చిన సన్నటి లోహపు కడ్డీలు కనిపిస్తాయి. స్పార్క్ ఇచ్చేది ఒకటి, మంటను కనిపెట్టేది ఇంకొకటి. మంటలోంచి అతి కొద్ది కరెంటు పారుతుంది. ఆ కరెంటు కడ్డీకి అందితేనే మంట ఉన్నట్టు బోర్డుకు తెలుస్తుంది. కడ్డీకి మసి పట్టినా, తెల్లటి పొర కట్టినా కరెంటు అందదు. మంట లేదనుకుని బోర్డు గ్యాస్ కట్టేస్తుంది.

నున్నటి ఎమరీ పేపర్ ముక్కతో కడ్డీని పైనుంచి కిందికి మెల్లగా, మెరుపు వచ్చేదాకా రుద్దండి. చాకుతో గీకొద్దు. వంచొద్దు. కడ్డీ కొన మంట తగిలే చోటే ఉండాలి, కొంచెం పక్కకు జరిగినా పనిచేయదు. పింగాణీ తొడుగు పగిలి ఉంటే కడ్డీ మార్చాల్సిందే. దానికి వెళ్లే వైరు క్లిప్పు వదులుగా ఉందేమో కూడా నొక్కి చూడండి. ఆ పక్కనే బర్నర్ గొట్టాల్లోకి టార్చి వేయండి. ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా వాడని గీజర్‌లో సాలెపురుగులు గూళ్లు కడతాయి. గాలి వెళ్లే దారిలో బూజు ఉంటే మంట నీలంగా కాక పసుపుగా, ఎగిరెగిరి మండుతుంది, మసి పడుతుంది. మెత్తటి బ్రష్‌తో ఆ బూజు దులపండి. శుభ్రం చేశాక కూడా పసుపు మంటే వస్తుంటే ఆ గీజర్ వాడటం ఆపేయండి, మెకానిక్ చూసేదాకా ఆగండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "సెన్సర్ వైర్లు రెండూ కలిపేస్తే ఇక ఆరదు" అని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. వేడిని చూసే సెన్సర్‌ను అలా కలిపేస్తే గీజర్ నిజంగానే ఆరదు. నీళ్లు సలసల కాగి ఆవిరై పైపు పగిలినా ఆరదు. మీ ఇంట్లో అలాంటి పని ఎవరినీ చేయనివ్వకండి.

గ్యాస్ వైపు

సిలిండర్ అయిపోవస్తున్నప్పుడు మొదట మొరాయించేది గీజరే. స్టవ్ మీద పప్పు ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి గ్యాస్ ఉందనుకుంటాం. 6 లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకు సుమారు 0.9 కిలోల గ్యాస్ తాగుతుంది. అడుగంటిన సిలిండర్ నుంచి అంత వేగంగా గ్యాస్ రాదు. సిలిండర్‌ను ఊపడం, పడుకోబెట్టడం, వేడినీళ్లలో పెట్టడం చేయొద్దు. పడుకోబెడితే గ్యాస్‌కు బదులు ద్రవమే పైపులోకి వచ్చి మంట ఎగసిపడుతుంది.

స్టవ్‌కూ గీజర్‌కూ ఒకే సిలిండర్ నుంచి పైపు చీల్చి ఉంటే ఇలా చూడండి: స్టవ్ వెలిగించి పెట్టి, గీజర్ ఆన్ చేయండి. స్టవ్ మంట ఒక్కసారిగా కుంచించుకుపోతే గ్యాస్ చాలడం లేదు. రెగ్యులేటర్ బలహీనపడి ఉండొచ్చు, పైపు ఎక్కడో మడత పడి ఉండొచ్చు. ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ 30 మిల్లీబార్ల ఒత్తిడి దగ్గర గ్యాస్ ఇస్తుంది, గీజర్ కూడా దానికి తగ్గట్టే తయారవుతుంది. మంట పెరుగుతుందని హోటల్ సిలిండర్లకు వాడే, తిప్పి పెంచుకునే రెగ్యులేటర్ తెచ్చి పెట్టడం చాలా ప్రమాదం. రెగ్యులేటర్ అనుమానంగా ఉంటే మీ గ్యాస్ ఏజెన్సీలోనే మార్పించుకోండి. నారింజ రంగు సురక్షా పైపును 5 ఏళ్లకు ఒకసారి మార్చాలి. పైపు మీదే తేదీ ముద్ర ఉంటుంది, ఇప్పుడే ఒకసారి చూసుకోండి.

కొత్త సిలిండర్ పెట్టిన వెంటనే వెలగకపోతే కంగారు పడొద్దు. పైపులో గాలి ఉంటుంది, ఒకటి రెండు ప్రయత్నాల్లో అదే పోతుంది. కానీ వెంటవెంటనే తిప్పుతూ పోవద్దు. అంటుకోని గ్యాస్ లోపల పోగై, చివరికి ఒక్కసారిగా అంటుకుంటే మూత ఎగిరిపడేంత పేలుడు వస్తుంది. ప్రతి ప్రయత్నం మధ్య ఐదు నిమిషాలు ఆగండి.

ఈదురుగాలి

వసారాలో బిగించిన గీజర్ తుఫాను గాలి వీచిన రోజునే ఆరిపోతుంటే గాలి ఎదురు తన్నుతున్నట్టు. చుట్టూ రేకు కొట్టి, ప్లాస్టిక్ కవరు కట్టి మూసేయకండి. అలా మూసేస్తే బాత్రూంలో పెట్టినట్టే అవుతుంది. గాలి వచ్చే వైపు మాత్రమే, కొంచెం దూరంలో, అడ్డుపలక పెట్టించండి. పైనా కిందా, పక్కలా గాలి ఆడాలి. పొగ వెళ్లే చోటు పడకగది కిటికీ కింద కాకుండా చూసుకోండి.

పైలట్ మంట ఉండే బాయిలర్లు, హాబ్‌లు

సత్రాలు, హాస్టళ్లు, కళ్యాణ మండపాల్లో వాడే కొన్ని పెద్ద గ్యాస్ బాయిలర్లలో, పాత గీజర్లలో ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంట ఉంటుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు పాత ఇళ్ల బేస్‌మెంట్‌లో చూసే, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌లోనూ ఇదే పద్ధతి. ఇక్కడ కాపలా కాసేది థర్మోకపుల్. రెండు వేరు వేరు లోహాలు కలిపిన కొన మంటలో వేడెక్కితే 20, 30 మిల్లీవోల్టుల కరెంటు పుడుతుంది. ఆ కాస్త కరెంటే అయస్కాంతాన్ని పట్టి ఉంచి గ్యాస్ దారి తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే కొన చల్లబడి, దారి మూసుకుంటుంది.

నాబ్ నొక్కి పట్టుకున్నంతసేపు పైలట్ వెలిగి, వదలగానే ఆరిపోతే ముందు అరనిమిషం పాటు నొక్కి పట్టుకుని చూడండి, కొన వేడెక్కడానికి అంత టైమ్ కావాలి. అప్పటికీ నిలవకపోతే గ్యాస్ కట్టేసి, చల్లారాక కొన మీది మసి తుడవండి, అది మంట మధ్యలో ఉందో లేదో చూడండి, వాల్వు దగ్గర నట్టు వదులైందేమో చేత్తో బిగించి చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా నిలవకపోతే థర్మోకపుల్ అరిగిపోయినట్టే, మార్చాలి. పైలట్ మంటే సన్నగా, పసుపుగా ఉంటే దాని జెట్‌లో దుమ్ము ఉంది. గాలి ఊది శుభ్రం చేయించండి. సూది పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై మంట తీరే మారిపోతుంది. వంటింటి గట్టులో బిగించే గ్యాస్ స్టవ్ (హాబ్) నాబ్ వదలగానే ఆరిపోయేదీ ఈ కారణంతోనే. అక్కడ మాత్రం కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలు.

మెకానిక్‌ను పిలిచేటప్పుడు

డయాఫ్రం చిరిగి గీజర్ కిందనుంచి నీళ్లు కారుతున్నా, గ్యాస్ వాల్వు తెరుచుకోకపోయినా, రాగి పైపుల్లో సున్నం కడగాల్సి వచ్చినా మీరు చేయొద్దు. గ్యాస్ వెళ్లే ఏ నట్టూ ఇంట్లో విప్పొద్దు. ఆ గీజర్ కంపెనీ సర్వీస్ వాళ్లనే పిలిస్తే మంచిది. పిలిచినప్పుడు "గీజర్ పనిచేయట్లేదు" అని ఊరుకోకుండా మీరు చూసింది చూసినట్టు చెప్పండి: సెల్లులు కొత్తవి, లీటరు బాటిల్ 18 సెకన్లలో నిండుతోంది, మంట వెలిగి నాలుగు సెకన్లకు ఆరుతోంది, టకటక ఆగట్లేదు. అలా చెబితే వచ్చేవాళ్లు తగిన భాగం వెంట తెచ్చుకుంటారు, అక్కర్లేనిది అంటగట్టడం కూడా కష్టమవుతుంది. మార్చిన పాత భాగాన్ని మీకే ఇచ్చి వెళ్లమనండి.

రిపేరు అయ్యాక వాళ్లు వెళ్లకముందే గ్యాస్ జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాయించండి. బుడగ లేస్తే లీకున్నట్టే, మళ్లీ బిగించాలి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లను అక్కడికక్కడే ఆపండి. తర్వాత షవర్‌తో ఒకసారి, కుళాయితో ఒకసారి పది నిమిషాలు మండించి చూడండి.

ఎండలు ముదిరి గీజర్ వాడకం ఆగిపోగానే సెల్లులు తీసి పక్కన పెట్టండి, లేకపోతే అవి కారి పెట్టె మొత్తం తినేస్తాయి. గీజర్‌కు వెళ్లే గ్యాస్ వాల్వు కట్టేయండి. మళ్లీ అక్టోబరులో, వానలు పట్టుకోకముందే, జాలీ కడిగి, బూజు దులిపి, కొత్త సెల్లులు వేసి ఒకసారి వెలిగించి చూసుకోండి. మెకానిక్‌లు ఖాళీగా దొరికేదీ అప్పుడే.